విచ్చుకునే క్షణమే గండం

వేగంగా ఎగిరే విమానం నుంచి దూకిన పైలట్ బతుకు మొదటి కొన్ని సెకన్లలోనే తేలిపోతుంది. ఆ కాసేపటిని తట్టుకునే పారాచూట్ ఎలా ఉండాలి? దాన్ని ఏం చూసి ఎంచుకోవాలి?

1955 ఫిబ్రవరి 26, శనివారం. నార్త్ అమెరికన్ ఏవియేషన్ సంస్థ టెస్ట్ పైలట్ జార్జ్ స్మిత్‌కు ఆ రోజు సెలవు. నివేదిక ఒకటి ఇచ్చి వెళ్దామని లాస్ ఏంజెలెస్‌లోని ఆఫీసుకు వచ్చాడు. అక్కడ కొత్త ఎఫ్-100 సూపర్ సేబర్ పరీక్షకు సిద్ధంగా ఉంది. మామూలు బట్టల మీదే హెల్మెట్ తగిలించుకుని ఎక్కేశాడు. కాసేపటికే కంట్రోల్స్ బిగుసుకుపోయాయి. విమానం ముక్కు వాల్చి పసిఫిక్ సముద్రం వైపు దూసుకుపోయింది. స్మిత్ ఎజెక్షన్ సీటుతో బయటపడేసరికి వేగం గంటకు 1,250 కిలోమీటర్లు. ధ్వని వేగం కంటే ఎక్కువ.

ఎదురుగాలి అతని బూట్లు, మేజోళ్లు, హెల్మెట్, చేతిగడియారం ఊడ్చేసింది. పారాచూట్ తెరుచుకుంది గానీ దాదాపు మూడో వంతు చిరిగిపోయింది. స్పృహ లేకుండానే సముద్రంలో పడ్డాడు. అదృష్టం కొద్దీ దగ్గర్లోనే పడవ ఉంది. వాళ్లు పైకి లాగి ఆసుపత్రికి చేర్చారు. అయిదారు రోజులకు గానీ కళ్లు తెరవలేదు. నెలల తరబడి చికిత్స పొంది, చివరికి మళ్లీ విమానం నడిపాడు. ధ్వని వేగాన్ని మించి ఎజెక్టయి ప్రాణాలతో మిగిలిన తొలి మనిషిగా అతని పేరు వైమానిక చరిత్రలో నిలిచిపోయింది.

స్మిత్ పారాచూట్ ఎత్తు చాలక విఫలం కాలేదు. తెరుచుకోకా కాదు. తెరుచుకున్నప్పుడే వేగానికి చిరిగింది. వేగవంతమైన విమానాలు నడిపేవాళ్లు పారాచూట్ కొనేటప్పుడు మొదట ఆలోచించాల్సింది ఇదే.

ఎవరికి కావాలి?

ఫైటర్ జెట్‌లో పైలట్‌కు పారాచూట్ ఎంపిక తలనొప్పి ఉండదు. అది ఎజెక్షన్ సీటులో భాగంగానే వస్తుంది. సమస్యంతా ఆ సీటు లేని వేగవంతమైన విమానాలతోనే. గాల్లో పల్టీలు కొట్టే ఏరోబాటిక్ విమానాలు, గ్లైడర్లు, రెండో ప్రపంచ యుద్ధకాలం నాటి పాత ఫైటర్లు, ఇంట్లోనే విడిభాగాలు బిగించి తయారు చేసుకునే కిట్ విమానాలు ఈ కోవలోకి వస్తాయి. వీటి పైలట్లు వీపుకో, కూర్చునే చోటో పారాచూట్ కట్టుకుని ఎక్కుతారు. ప్రమాదం వస్తే పట్టీలు విప్పుకుని, కాక్‌పిట్ అద్దాల మూత తోసేసి, సొంత బలంతో బయటికి దూకాలి.

అమెరికాలో ప్రయాణికుణ్ని ఎక్కించుకుని 60 డిగ్రీలకు మించి పక్కకు వంచినా, ముక్కును 30 డిగ్రీలకు మించి పైకెత్తినా, దించినా విమానంలో ఉన్న ప్రతి ఒక్కరూ పారాచూట్ కట్టుకుని ఉండాలన్నది నిబంధన. దాంతో అక్కడ వీటికి పెద్ద మార్కెట్టే ఉంది. స్ట్రాంగ్, సాఫ్టీ, నేషనల్, బట్లర్ లాంటి బ్రాండ్ల పేర్లు చిన్న చిన్న ఎయిర్‌ఫీల్డుల్లోనూ వినిపిస్తాయి. పాతవి చేతులు మారుతుంటాయి. సైన్యం వదిలించుకున్న సరుకూ అమ్మకానికి వస్తుంది. చవకగా దొరికిందని కొనేసి, సీటు మెత్తలా వెనక పెట్టుకుని ఎగిరేవాళ్లూ ఉంటారు.

చిక్కు అక్కడే మొదలవుతుంది.

వేగం రెట్టింపు, దెబ్బ నాలుగింతలు

గాలి ఒత్తిడి వేగంతో పాటు నిదానంగా పెరగదు. వేగం రెట్టింపయితే ఒత్తిడి నాలుగింతలవుతుంది, మూడింతలయితే తొమ్మిదింతలు. గంటకు 200 కిలోమీటర్ల దగ్గర హాయిగా విచ్చుకునే పారాచూట్ గొడుగును 400 దగ్గర తెరిస్తే దాని గుడ్డ మీద, కుట్ల మీద, తాళ్ల మీద పడే లాగుడు ఇంచుమించు నాలుగు రెట్లు. పైగా ఆ దెబ్బ గొడుగుతో ఆగదు. ఒంటికి కట్టుకున్న హార్నెస్ పట్టీల గుండా తొడలకు, భుజాలకు, వెన్నుకు చేరుతుంది. గొడుగు చిరగనంత గట్టిదైతే సరిపోదు. దాని కింద వేలాడే మనిషి కూడా తట్టుకోవాలి.

ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది కాబట్టి కుదుపూ తగ్గుతుందనిపిస్తుంది. జరిగేది దానికి విరుద్ధం. పలచని గాలిలో మనిషి మరింత వేగంగా పడతాడు. గొడుగు నిండేలోపు ఆ వేగం తగ్గే వీలుండదు. 1943 జూన్ 24న అమెరికా సైనిక వైద్యుడు లెఫ్టినెంట్ కర్నల్ రాండాల్ఫ్ లవ్‌లేస్ దీన్ని తన ఒంటి మీదే తెలుసుకున్నాడు. ఆక్సిజన్ పరికరాన్ని పరీక్షించడానికి వాషింగ్టన్ రాష్ట్రంలో బీ-17 విమానం నుంచి 40,200 అడుగుల ఎత్తులో దూకాడు. అతను పారాచూట్‌తో దూకడం అదే మొదటిసారి. విమానానికి కట్టిన తాడు పారాచూట్‌ను వెంటనే తెరిచేసింది. ఆ కుదుపుకు స్పృహ తప్పింది. ఎడమ చేతి గ్లవుజులు ఊడిపోయి, చెయ్యి చలికి గడ్డకట్టింది. ఎలాగో బతికి బయటపడ్డాడు. ఎత్తులో దూకినవాళ్లు వెంటనే గొడుగు తెరవకూడదన్న పాఠం బలపడింది అప్పుడే.

పట్టు నుంచి నైలాన్‌కు

విమానం నుంచి దూకి, కొంత కింద పడ్డాక తానే తాడు లాగి తెరుచుకునే పారాచూట్‌ను లెస్లీ ఇర్విన్ 1919 ఏప్రిల్ 28న అమెరికాలోని మెకుక్ ఫీల్డ్‌లో చేసి చూపించాడు. దిగేటప్పుడు చీలమండ విరిగినా, పద్ధతి నిలిచింది. 1922 అక్టోబరు 20న అదే చోట లెఫ్టినెంట్ హెరాల్డ్ హారిస్ విమానం గాల్లోనే విరిగిపోతుంటే అలాంటి పారాచూట్‌తోనే ప్రాణం దక్కించుకున్నాడు. పారాచూట్ కాపాడిన వాళ్లకోసం కేటర్‌పిల్లర్ క్లబ్ పుట్టిందీ ఆ ఏడాదే. అట్లాంటిక్ మీదుగా ఒంటరిగా ఎగిరిన చార్లెస్ లిండ్‌బర్గ్ అంతకుముందే నాలుగుసార్లు ప్రాణం కోసం దూకాడు.

అప్పట్లో గొడుగులన్నీ పట్టువే. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ పట్టు ఆగిపోయాక 1942 జూన్ 6న కనెక్టికట్‌లో ఎడెలిన్ గ్రే అనే యువతి నైలాన్ పారాచూట్‌తో తొలిసారి దూకింది. నైలాన్ సాగుతుంది, తేలికగా ఉంటుంది, కుదుపును కొంత తనలో ఇముడ్చుకుంటుంది. ఇవాళ్టికీ అత్యవసర పారాచూట్ గుడ్డ అదే. వస్త్రం మారిన కథ అక్కడితో అయిపోయింది. ఆ తర్వాతి కాలమంతా గొడుగు ఎంత నెమ్మదిగా, ఏ వరుసలో తెరుచుకోవాలన్న దాని మీదే ఇంజినీర్ల బుర్రలు పనిచేశాయి.

లేబుల్ మీది రెండు అంకెలు

ప్రతి అధీకృత పారాచూట్‌కూ ఒక లేబుల్ ఉంటుంది. అమెరికా వైమానిక నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ప్రమాణం పేరు టీఎస్‌ఓ-సీ23. ఆ పేరు చివరన ఉండే అక్షరం ఏ కాలపు ప్రమాణమో చెబుతుంది.

పాత ‘బీ’ ప్రమాణంలో రెండు రకాలు. స్టాండర్డ్ రకం 5,000 పౌండ్ల కుదుపును తట్టుకోవాలి. లో-స్పీడ్ రకానికి 3,000 పౌండ్లు చాలు. ఈ రెండోది గంటకు 150 మైళ్లు, అంటే 241 కిలోమీటర్లు మించని విమానాలకే. 1984లో వచ్చిన ‘సీ’ ప్రమాణం మూడు తరగతులు పెట్టింది. ‘ఏ’ తరగతి పారాచూట్ 90 కిలోల బరువుకు, గంటకు 241 కిలోమీటర్ల వేగానికి. ‘బీ’ 115 కిలోలకు, 278 కిలోమీటర్లకు. ‘సీ’ అదే 115 కిలోలకు, 324 కిలోమీటర్లకు. 1994 నాటి ‘డీ’ ప్రమాణంతో తరగతులు పోయి, తయారీదారు పరీక్షించి తేల్చిన గరిష్ఠ బరువు, గరిష్ఠ వేగం నేరుగా లేబుల్ మీదే అచ్చవుతున్నాయి.

ఈ అంకెలను విమానాల పక్కన పెట్టి చూస్తే విషయం తేటతెల్లమవుతుంది. కిట్ విమానాల్లో బాగా పేరున్న ఆర్‌వీ-8కు దాటకూడని వేగం గంటకు 370 కిలోమీటర్లు. ఏరోబాటిక్ పైలట్లు ఇష్టపడే ఎక్స్‌ట్రా 300కు 407. యుద్ధకాలపు మస్టాంగ్ పూర్తి వేగంతో పోతే 700 దాకా. అంటే ‘సీ’ తరగతి పారాచూట్ కట్టుకున్న ఆర్‌వీ-8 పైలట్ కూడా, విమానం అదుపు తప్పి డైవ్‌లోకి వెళ్తే, లేబుల్ గీత దాటిపోగలడు. లో-స్పీడ్ ముద్ర ఉన్న పాతదైతే మామూలు ప్రయాణ వేగంలోనే దాటేస్తాడు.

బరువు సంగతీ అంతే. లేబుల్ మీది బరువులో పైలట్ ఒళ్లు మాత్రమే కాదు, బట్టలు, బూట్లు, పారాచూట్ కూడా కలుస్తాయి. పారాచూట్ ఒక్కటే ఏడెనిమిది కిలోలు తూగుతుంది. 85 కిలోల మనిషికి ‘ఏ’ తరగతి సరిపోదన్నమాట. బరువు పెరిగితే తెరుచుకునేటప్పుడు లాగుడు పెరుగుతుంది, దిగే వేగమూ పెరుగుతుంది. గుండ్రటి అత్యవసర గొడుగులు మామూలుగా సెకనుకు ఆరేడు మీటర్ల వేగంతో దించుతాయి. అది ఆరు నుంచి ఎనిమిదడుగుల గోడ మీంచి దూకిన దెబ్బతో సమానం.

రెండు సెకన్ల విలువ

లేబుల్ గీత దాటే విమానం ఉన్నంత మాత్రాన ఆశ వదులుకోనక్కర్లేదు. విమానం వేగమూ, గొడుగు తెరుచుకునేటప్పటి వేగమూ ఒకటి కానక్కర్లేదు కదా. విమానం వదిలిన మనిషిని గాలే బ్రేకు వేసి ఆపుతుంది. స్వేచ్ఛగా పడే మనిషి వేగం నేల దగ్గరి గాలిలో గంటకు 200 కిలోమీటర్ల దగ్గర నిలకడవుతుంది. అంతకంటే వేగంగా బయటపడిన మనిషి ఆ వేగానికి దిగివస్తాడు.

ఎంతసేపట్లో? భౌతికశాస్త్రపు మామూలు లెక్క ప్రకారం గంటకు 500 కిలోమీటర్ల వేగంతో బయటపడిన మనిషి రెండు సెకన్లలోపే 300 కంటే కిందికి వస్తాడు. విమానం సమంగా ఎగురుతుంటే ఆ రెండు సెకన్లలో పోయే ఎత్తు 20 మీటర్లే. అంత తక్కువ ఖర్చుతో పారాచూట్ బలాన్ని పెంచే మార్గం ఇంకోటి లేదు. అదే విమానం నిట్టనిలువుగా డైవ్ చేస్తుంటే మాత్రం ఆ రెండు సెకన్లకు రెండు వందల మీటర్లకు పైగా ఎత్తు కరిగిపోతుంది. కింద నేల ఎంత దూరంలో ఉందన్నదే అప్పుడు ఆగాలా, లాగాలా అన్నది తేలుస్తుంది.

ఈ రెండు పరిస్థితులకూ రెండు నిజమైన ఉదాహరణలున్నాయి. 2006 ఏప్రిల్‌లో అమెరికా ఏరోబాటిక్ పైలట్ షాన్ టకర్ లూసియానాలో సాధన చేస్తుండగా విమానం ముక్కును ఎత్తి దించే ఎలివేటర్ కంట్రోల్ తెగిపోయింది. దిగడం అసాధ్యమని తెలిసింది. విమానాన్ని ఎలాగో నిలకడగా పట్టి ఉంచి, ఎత్తు సంపాదించుకుని, జనం లేని చోటు చూసుకుని దూకాడు. అతనికి సమయం ఉంది, ఎత్తు ఉంది, వేగాన్ని ఎంచుకునే వీలుంది.

2011 జులై 10న ఇంగ్లండ్‌లోని డక్స్‌ఫర్డ్ ఎయిర్ షోలో రాబ్ డేవీస్‌కు అవేవీ లేవు. ప్రదర్శన ముగించి గుంపుగా తిరిగొస్తుండగా ఆయన మస్టాంగ్‌ను ఒక స్కైరైడర్ విమానం ఢీకొట్టింది. అప్పటికే ఎత్తు తక్కువ. డేవీస్ కాక్‌పిట్ వదిలి దూకాడు. గొడుగు తెరుచుకుంది, ప్రాణం దక్కింది. స్కైరైడర్ రెక్క కొస పోయినా క్షేమంగా దిగింది. మస్టాంగ్ కూలిపోయింది. ఇలాంటప్పుడు రెండు సెకన్లు ఆగమని ఎవరూ చెప్పరు. ప్రమాణాల ప్రకారం పారాచూట్ సంచీ తెరుచుకున్నాక మూడు సెకన్లలో గొడుగు పనిచేయాలి. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో నేరుగా పడే మనిషి ఆ మూడు సెకన్లలో 160 మీటర్లకు పైగా పడతాడు.

త్వరగా తెరుచుకోవాలి, మెల్లగా నిండాలి

తయారీదారుకు తలనొప్పి తెచ్చేది ఈ వైరుధ్యమే. తక్కువ ఎత్తులో గొడుగు గబుక్కున విచ్చుకోవాలి. ఎక్కువ వేగంలో ఆగి ఆగి విచ్చుకోవాలి. రెండూ ఒకే సంచీలో ఇమడాలి.

అందుకు మొదటి ఉపాయం వరుస క్రమం. పారాచూట్ తెరిచే తాడు, అంటే రిప్‌కార్డ్ లాగగానే స్ప్రింగుతో ఎగిరే చిన్న పైలట్ చూట్ పెద్ద గొడుగును బయటికి లాగుతుంది. గొడుగు అంచును డయపర్ అనే చిన్న గుడ్డ చుట్టి బంధించి ఉంచుతుంది. తాళ్లు పూర్తిగా సాగాకే అది విడిపోయి, గాలి లోపలికి వెళ్తుంది. తాళ్లు సాగకముందే గొడుగు నిండితే వచ్చే ప్రాణాంతకమైన కుదుపును ఇది తప్పిస్తుంది.

రెండో ఉపాయం స్లయిడర్. వర్జీనియా రాష్ట్రంలోని బట్లర్ సంస్థ వేగవంతమైన విమానాల కోసం గుండ్రటి గొడుగుకు ‘సాంబ్రెరో స్లయిడర్’ పేరుతో దీన్ని జత చేసింది. గొడుగు అంచు దగ్గర తాళ్లను దగ్గరగా పట్టి ఉంచే ఈ గుడ్డ, గాలి ఒత్తిడి ఎక్కువగా ఉన్నంతసేపు కిందికి జారదు. వేగం తగ్గేకొద్దీ జారి, గొడుగును విచ్చుకోనిస్తుంది. తక్కువ వేగంలో అయితే వెంటనే తప్పుకుంటుంది. పరిస్థితిని బట్టి తనంతట తానే వేగం సర్దుకునే ఏర్పాటు ఇది.

ఎజెక్షన్ సీట్లలోనూ జరిగేది ఇదే, కాకపోతే కాస్త పెద్ద ఎత్తున. అమెరికా ఫైటర్లలోని ఏసెస్-2 సీటు బయటపడిన వెంటనే వేగం, ఎత్తు కొలుస్తుంది. 250 నాట్ల కంటే తక్కువ వేగం, 15,000 అడుగుల లోపు ఎత్తు అయితే నేరుగా పెద్ద గొడుగు. వేగం ఎక్కువైతే మొదట డ్రోగ్ అనే చిన్న గొడుగు తెరిచి సీటును మందగింపజేస్తుంది. ఎత్తు ఎక్కువైతే కిందికి వచ్చేదాకా ఆగుతుంది. చివరికి తెరుచుకునేది 28 అడుగుల వెడల్పున్న సీ-9 గొడుగే. దశాబ్దాల నాటి డిజైన్ అది. దాన్ని అంత వేగంలో బతికిస్తున్నది ఎప్పుడు తెరవాలో తెలిసిన యంత్రాంగం.

దీనికి పరాకాష్ట 1966 జనవరి 25 నాటి ఘటన. న్యూమెక్సికో మీదుగా ధ్వని వేగానికి మూడింతలకు పైగా ఎగురుతున్న ఎస్ఆర్-71 విమానం దాదాపు 78,800 అడుగుల ఎత్తులో ముక్కలైపోయింది. పైలట్ బిల్ వీవర్ సీటు పేల్చుకోనే లేదు, విమానమే అతని చుట్టూ విడిపోయింది. ఒంటి మీది ప్రెషర్ సూట్ గాలి నింపుకుని కాపాడింది. చిన్న గొడుగు గింగిరాలు తిరగకుండా నిలబెట్టింది. పెద్ద పారాచూట్ 15,000 అడుగుల దగ్గర దానంతటదే తెరుచుకుంది. సహచరుడు జిమ్ జ్వేయర్ మరణించాడు. వీవర్ ఓ పశువుల రాంచ్‌లో క్షేమంగా దిగాడు.

దుండిగల్ నుంచి చండీగఢ్ దాకా

తెలుగు నేల మీద ఈ చర్చకు దగ్గరి చోటు హైదరాబాద్ శివార్లలోని దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ. భారత వైమానిక దళ పైలట్లు తొలి పాఠాలు నేర్చే చోటది. ఏళ్ల తరబడి అక్కడ శిక్షణ ఇచ్చిన హెచ్‌పీటీ-32 దీపక్ విమానంలో ఎజెక్షన్ సీట్లు లేవు. 2009లో మెదక్ జిల్లాలో జరిగిన ఘోర ప్రమాదం తర్వాత ఆ విమానాలను నేలకు దించేశారు. పైలట్‌కు బదులు విమానం మొత్తానికే పారాచూట్ అమర్చే ఆలోచనా అప్పట్లో నడిచింది. చివరికి 2013 నుంచి ఎజెక్షన్ సీట్లున్న స్విస్ పిలాటస్ పీసీ-7 విమానాలు శిక్షణలోకి వచ్చాయి. అయినా గండాలు పూర్తిగా తప్పలేదు. 2023 డిసెంబరు 4న తూప్రాన్ దగ్గర పీసీ-7 కూలి ఇద్దరు పైలట్లు మరణించారు.

విమానం మొత్తానికీ పారాచూట్ అన్న ఆలోచన విదేశాల్లో ఎప్పుడో నిజమైంది. అమెరికా సైరస్ విమానాల్లో అది తప్పనిసరి భాగం. 2002 అక్టోబరులో టెక్సస్‌లో ఒక సైరస్ పైలట్ దానితోనే తొలిసారి ప్రాణం దక్కించుకున్నాడు. దానికీ వేగ పరిమితి ఉంది. మొదటి ఎస్ఆర్-22ల్లో గంటకు 246 కిలోమీటర్ల దగ్గరే పరీక్షించి చూపించారు.

మన దేశంలో పారాచూట్ల పరిశోధనకు ఆగ్రాలోని డీఆర్‌డీఓ ప్రయోగశాల ఏడీఆర్‌డీఈ, తయారీకి కాన్పూర్ ఫ్యాక్టరీ పేరున్నవి. గగన్‌యాన్ వ్యోమగాములను తిరిగి దించే డ్రోగ్ పారాచూట్లను 2023 ఆగస్టులో చండీగఢ్‌లోని రాకెట్ ట్రాక్ మీద పరీక్షించారు. అదే ట్రాక్ మీద 2025 డిసెంబరులో తేజస్ ముందు భాగాన్ని గంటకు 800 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తించి, బొమ్మ పైలట్‌తో ఎజెక్షన్ వ్యవస్థను పరీక్షించారు.

కొనేముందు చూడాల్సినవి

విమానం దాటకూడని వేగం ఎంతో హ్యాండ్‌బుక్‌లో చూసి రాసుకోవాలి. పారాచూట్‌తో సహా సొంత బరువు తూచుకోవాలి. ఈ రెండూ లేబుల్ అంకెలకు లోబడి ఉండాలి. వేగం విషయంలో కుదరకపోతే కనీసం స్లయిడర్ లాంటి ఏర్పాటున్న, ఎక్కువ వేగానికి పరీక్షించిన రకం వెతకాలి.

కాక్‌పిట్‌లో కూర్చుని కట్టుకుని చూడకుండా కొనకూడదు. వీపుకు కట్టేది, కూర్చునే చోట ఒదిగేది, రెండూ కలిసిన కుర్చీ ఆకారం అని మూడు రకాలున్నాయి. సీటు లోతును బట్టి ఏది సరిపోతుందో తేలుతుంది. తొడ పట్టీలు, ఛాతీ పట్టీ బిగువుగా ఉండాలి. వదులైన హార్నెస్‌లో తెరుచుకునే కుదుపు నేరుగా ఒంటి మీద కొడుతుంది.

పాతదైతే తయారైన సంవత్సరం చూడాలి. కొందరు తయారీదారులు 20 ఏళ్ల ఆయుష్షే ఇస్తారు. ఎండ నైలాన్‌ను లోలోపల తినేస్తుంది. 1980ల నాటి కొన్ని గుండ్రటి గొడుగుల్లో వలగుడ్డ నుంచి ఆమ్లం ఊరి, గుడ్డను బలహీనపరిచిన ఉదంతం పారాచూట్లు పరీక్షించి మడిచే రిగ్గర్లకు బాగా గుర్తు. అప్పటి నుంచి ఆ కాలపు గొడుగుల మీద రసాయన పరీక్ష, లాగుడు పరీక్ష చేస్తున్నారు. అమెరికాలో నైలాన్ పారాచూట్‌ను 180 రోజులకోసారి లైసెన్సున్న రిగ్గర్ విప్పి, పరీక్షించి మళ్లీ మడవాలి. 2008కు ముందు ఆ గడువు 120 రోజులే.

నేల మీద అలవాటు చేసుకోవాల్సింది ఇంకోటుంది. సీటు బెల్టు విప్పబోయి, కంగారులో పారాచూట్ హార్నెస్ కొక్కెం విప్పేసే ప్రమాదం నిజమైనదే. అద్దాల మూత, హెడ్‌సెట్ వైరు, సీటు బెల్టు, బయటికి దూకడం, రిప్‌కార్డ్ వెతకడం అన్న వరుసను కళ్లు మూసుకుని కూడా చేయగలిగేలా సాధన చేయాలి.

అమెరికా, ఆస్ట్రేలియా లాంటి చోట్ల ఏరోబాటిక్స్, గ్లైడింగ్ నేర్చుకునే తెలుగు కుర్రాళ్లకు క్లబ్బు ఇచ్చిన పారాచూట్ వీపుకు తగిలించుకోవడం మామూలే. అలాంటివాళ్లు ఆ లేబుల్‌ను ఒకసారి ఫొటో తీసి, ఎక్కబోయే విమానం గరిష్ఠ వేగం పక్కన పెట్టి, సందేహం ఉంటే రిగ్గర్‌ను అడగాలి. ఆ అంకెలు కుదరని పారాచూట్ ఎంత కొత్తగా కనిపించినా, ఎంత చవకగా దొరికినా, ఆ విమానానికి పనికిరాదు.